హమ్రియా మూడో అంతస్తు జాతిపిత

మొదటి నాయకుడు పదవి దిగకూడదు. ఎన్నికలొచ్చినా దిగకూడదు, మోకాళ్లు అరిగినా దిగకూడదు. చేతులెత్తి దండం పెట్టి "నన్నొదలండి" అన్నా సరే, మనం దిగనివ్వకూడదు!

ఈ మాట అన్నందుకు మీరు నన్ను నియంతల తొత్తు అనుకుంటారు. అనుకోండి. ప్రజాస్వామ్యం గురించి పుస్తకాలు చదివినవాళ్లతో నాకు పేచీ లేదు. నేను చదవలేదు. ఒక దేశం పుట్టడమూ, దానికో ప్రభుత్వం ఏర్పడటమూ కళ్లారా చూశాను, అంతే. చూడటమేమిటి, ఆ మంత్రివర్గంలో నేనూ ఉన్నాను.

ఆ దేశం మస్కట్‌లోని హమ్రియాలో ఉంది. పాత బిల్డింగు, మూడో అంతస్తు, మెట్లెక్కగానే ఎడమచేతి ఫ్లాటు. ఉత్తరాన బాల్కనీ, దక్షిణాన బాత్రూము, మధ్యలో రాజధాని. అంటే హాలు. జనాభా పన్నెండు మంది. తీరప్రాంతం లేదు గానీ, బాత్రూము గొట్టం కారినప్పుడల్లా ఆ లోటు తీరుతుంది.

స్వాతంత్ర్యానికి ముందు మేమంతా ఊరి బయట కంపెనీ క్యాంపులో ఉండేవాళ్లం. అక్కడ క్యాంప్ బాస్ పాలన. లైటు ఎప్పుడు ఆర్పాలో, పప్పు ఎంత పలచగా ఉండాలో అన్నీ ఆయనే నిర్ణయించేవాడు. ఆయన్ని తిట్టుకుంటూ మేం హాయిగా బతికేవాళ్లం. నాలుగేళ్ల కిందట కంపెనీ ఆ క్యాంపు ఎత్తేసి, రూములు మీరే చూసుకోండి అంది. ఇంకేం? ఒక్క రక్తపు బొట్టు కారకుండా పన్నెండు మందిమి స్వతంత్రులమయ్యాం!

స్వాతంత్ర్యం ఎలా ఉంటుందో మీకు తెలుసా? వాసనొస్తుంది. చెత్త ఎవరు కింద పారేయాలో చెప్పడానికి క్యాంప్ బాస్ లేడు కదా! వంటింట్లో ఒక సంచి నిండింది. పక్కన ఇంకో సంచి పెట్టాం. అదీ నిండింది. అందరమూ స్వతంత్రులమే కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. చివరికి షట్టరింగ్ కార్పెంటర్ పోచన్న ముక్కుకు టవల్ అడ్డం పెట్టుకుని హాల్లోకి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, గల్ఫ్‌కు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, మా అందరిలోకీ పెద్దవాడు.

"గీ చెత్త ఎవ్వలు పారేస్తర్రా భయ్?" అన్నాడు.

నా అంచనా ప్రకారం ప్రపంచంలో దేశాలన్నీ ఈ ప్రశ్నతోనే పుట్టి ఉంటాయి. జవాబు రాకపోయేసరికి ఆయనే రెండు సంచులూ చేతబట్టుకుని మెట్లు దిగాడు. ఆయన వెళ్లి వచ్చేలోగా మేం ఏకగ్రీవంగా ఆయన్ని నాయకుడిగా ఎన్నుకున్నాం. దిగేటప్పుడు మామూలు పౌరుడు, ఎక్కేటప్పటికి దేశాధినేత! పోస్టర్లు లేవు, బిర్యానీ పొట్లాలు లేవు, రీకౌంటింగు లేదు. ఇంత శుభ్రంగా ఎన్నిక జరిగిన దేశం ఇంకొకటి చూపించండి, నేను నోరు మూసుకుంటాను.

ఇక్కడే అసలు రహస్యముంది. కొత్త దేశంలో మొదటి నాయకుడు ఏం చేసినా అదే రాజ్యాంగం. ఆయన దగ్గితే సంప్రదాయం, తుమ్మితే చట్టం, కునుకు తీస్తే సభకు సెలవు. పాపం, ఆ సంగతి ఆయనకే తెలియదు.

ఆ రోజు పోచన్నకు పన్ను నొప్పి. దవడ చుట్టూ టవల్ కట్టుకుని ఉన్నాడు. కుర్చీ మీద ఎవరిదో లుంగీ ఆరుతుండటంతో వెళ్లి ఖాళీ గ్యాస్ సిలిండర్ మీద కూర్చున్నాడు. నొప్పి వల్ల మాట ముద్దముద్దగా వచ్చి మాకు అర్థం కాక, ప్రతి మాటా రెండుసార్లు చెప్పాడు. అంతే. నాలుగేళ్లుగా మా దేశాధినేత మీటింగులో సిలిండర్ మీదే కూర్చుంటాడు, దవడకు టవల్ కడతాడు, ప్రతి తీర్మానమూ రెండుసార్లు చదువుతాడు. పన్ను ఎప్పుడో పీకించేసుకున్నాడు. సంప్రదాయాన్ని పీకడం అంత తేలికా?

మంత్రివర్గం కూడా ఆ రోజే ఏర్పడింది. ఎవరు ఎక్కడుంటే ఆ శాఖ వాళ్లదే. లింబాద్రి బాత్రూము తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు, జలవనరులు. ఊరికే కిటికీలోంచి రోడ్డు చూస్తున్న సమీయుల్లాకు విదేశాంగం. ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసే లెవి, రాజోలు కుర్రాడు, నీళ్ల సీసా కోసం ఫ్రిజ్ తలుపు తీశాడు. విద్యుత్ శాఖ దక్కింది. పదేళ్ల అనుభవమున్న ఎలక్ట్రీషియన్ ఓబయ్య మందుల డబ్బా పక్కన కూర్చున్నాడు కనుక ఆయన ఆరోగ్య మంత్రి. నేను గుర్రుపెట్టి నిద్రపోతున్నాను. చప్పుడు దేశమంతా వినబడుతోందని నాకు సమాచార, ప్రసారాల శాఖ ఇచ్చారు.

మీరు నవ్వుతున్నారు. నవ్వకండి. మీ ప్రభుత్వంలో శాఖలు ఇంతకంటే పద్ధతిగా పంచారా?

దీని ఫలితాలు అమోఘం. ఫ్యూజు పోతే రాజ్యాంగం ప్రకారం లెవి వచ్చి ఫ్రిజ్ మీద చెయ్యేసి, జ్వరం లేదని తేల్చేవాడు. ఎవరికైనా ఛాతీలో నొప్పి వస్తే ఓబయ్య వచ్చి, కరెంటు చూసే టెస్టర్ పట్టుకుని కాసేపు ఆలోచించేవాడు. మరి లెవి ఛాతీ చూసి, ఓబయ్య ఫ్యూజు వేయొచ్చు కదా అని బయటివాళ్లు అడుగుతారు. వేయొచ్చు. కానీ అది శాఖల మధ్య జోక్యం కిందికి వస్తుంది.

బాత్రూము గొట్టం కారి కింది ఫ్లాటులో పడ్డప్పుడు వాచ్‌మన్ ఫజల్ పైకి వచ్చాడు. చిట్టగాంగ్ మనిషి, హిందీలోనే మాట్లాడతాడు.

"భాయ్, నీచే పానీ గిర్ రహా హై."

"మాలూమ్ హై," అన్నాడు విదేశాంగ మంత్రి సమీయుల్లా. "దో బార్ పఢ్ లియా. అబ్ కమిటీ బైఠేగీ."

"కమిటీ తో బైఠేగీ. పానీ కబ్ బైఠేగా?"

తీర్మానం రెండుసార్లు చదివాం, ఇక కమిటీ కూర్చుంటుందని మనవాడంటే, కమిటీ సరే, కారే నీళ్లు ఎప్పుడు కూర్చుంటాయని అడుగుతాడు! విదేశీయులు ఎప్పుడూ ఇంతే. మన అంతర్గత వ్యవహారాలు వాళ్లకు అర్థం కావు.

ఇంత గొప్ప పాలన ఇచ్చిన నాయకుడు దిగిపోతే ఏమవుతుంది? ముందుగా, మాజీ నాయకుడనే ఒక ప్రాణి పుడతాడు. పెద్ద దేశాల్లో ఆయనకు బంగ్లా ఇచ్చి దూరంగా పెడతారు. మా దేశంలో బంగ్లా ఎక్కడిది? నా పై మంచం మీదే పడుకుంటాడు. కొత్త నాయకుడు నోరు తెరిచినప్పుడల్లా పైనుంచి నిట్టూర్పు వినిపిస్తుంది. ఆ మంచం స్ప్రింగుల చప్పుడే ఒక ప్రతిపక్షం! అందుకే చెబుతున్నాను, మొదటివాణ్ణి దిగనివ్వకూడదు.

ఇక ఒక శుక్రవారం, అన్నాలు తిని అందరం వాలిన వేళ, పోచన్న సిలిండర్ మీద కూర్చుని మామూలు గొంతుతో పిడుగు వేశాడు.

"తమ్మీ, నేను కాన్సిల్ గొట్టుకొని పోతున్న." కాస్త ఆగి, ఆచారం ప్రకారం రెండోసారి చెప్పాడు. "కాన్సిల్ గొట్టుకొని పోతున్న."

వీసా రద్దు చేయించుకుని, ఇక తిరిగి రాకుండా ఇంటికి వెళ్లిపోవడమన్నమాట.

"పోతే మోటరు ఎవ్వడు ఏస్తడు కాకా?" అన్నాడు లింబాద్రి. జలవనరుల మంత్రికి మోటారు స్విచ్చి ఎక్కడుందో తెలియదని దేశానికి అప్పుడే తెలిసింది.

"మరి పొద్దున్న డ్యూటీకి నన్నెవరు లేపుతారండీ బాబాయ్‌గారూ?" అన్నాడు లెవి.

"అలారం బెట్టుకో."

"అలారం కాళ్లు పట్టుకుని లాగదు కదండీ."

నాకూ ఒక్క క్షణం భయమేసింది. చెత్త సంచులు గుర్తొచ్చాయి. నాలుగేళ్లుగా అవి ఎలా మాయమవుతున్నాయో సమాచార శాఖ ఎన్నడూ విచారించలేదు.

పోచన్న కారణం చెప్పాడు. మొన్న డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో ఆయన భార్య చిన్నవ్వ సర్పంచి అయింది. సీటు ఆడవాళ్లకు వచ్చింది, ఊరు ఆమెను నిలబెట్టింది, గెలిచింది. "ఆడిమనిషి, ఊరు ఒక్కతే ఎట్ల నడుపుతది? నేను వోవాలె," అన్నాడు.

ఇందులో తప్పేముంది? భార్య గెలిస్తే దండ భర్త మెడలో పడటం మనకు కొత్తా? బోర్డు మీద ఆమె పేరు, కుర్చీలో ఆయన వీపు. ఒక దేశాన్ని పుట్టించి నడిపినవాడికి ఒక ఊరు ఎంత పని? అయినా మేం ఒప్పుకోలేదు. మా రాజ్యాంగంలో ఎక్కే మెట్లే ఉన్నాయి, దిగే మెట్లు లేవు. దేశాధినేత పదవికి తోడు జాతిపిత బిరుదిచ్చాం. కిటికీ పక్క మంచమిచ్చాం. కోడి కూరలో కాలి ముక్క ఆయనకే అని చట్టం చేశాం. ముక్క తిన్నాడు, నిర్ణయం మార్చుకోలేదు.

కాయితాలు తయారయ్యేలోగా కంపెనీ ఆయన్ని చివరి పనికి దూరంగా సమాయిల్ అనే ఊళ్లోని సైట్‌కు పంపింది. కొన్ని వారాలు అక్కడే మకాం. దేశం అనాథ అయింది.

ఇక్కడ నేను ఒక విషాదకరమైన సంగతి చెప్పాలి. దేశం బాగుపడింది.

మొదటి రోజు నీళ్లు రాలేదు. రెండో రోజు లింబాద్రి వెతికి వెతికి మోటారు స్విచ్చి కనిపెట్టాడు. నూరు మందికి నీళ్లిచ్చినవాడిలా మొహం పెట్టుకుని తిరిగాడు. ఫ్యూజు పోయింది. సిలిండర్ మీద ఎవరూ లేకపోవడంతో ఓబయ్య అటూ ఇటూ చూసి, దొంగతనంగా వేసేశాడు. లైటొచ్చింది. నాకు గుండెల్లో మంట అంటే లెవి వచ్చి నాడి చూసి, పచ్చి మిరపకాయ బజ్జీలు తగ్గించమన్నాడు. నాలుగేళ్లలో మొదటిసారి నా జబ్బుకు పేరు తెలిసింది. సమీయుల్లా ఫజల్‌తో కలిసి గొట్టానికి కొత్త వాషర్ వేయించాడు. పని అయ్యాక ఇద్దరూ ఆ కుళాయి ముందే టీ తాగారు. చెత్త? రోజుకొకరు. మీటింగు మాత్రం పెట్టలేదు. చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

అయినా మేం పోచన్నను మరిచిపోలేదు. ఆయన సమాయిల్ నుంచి వచ్చేసరికి గుడ్డలు, సబ్బులు, పాలపొడి డబ్బాలు సర్ది, నైలాను తాడుతో బిగించి, కార్టన్ల మీద ఊరి పేరు కూడా రాసి పెట్టాం. అంత బాగా కట్టిన కార్టన్లు నేను చూడలేదు. మా ప్రేమ అలాంటిది.

ఆయన తిరిగొచ్చిన శుక్రవారమే చిన్నవ్వ నుంచి వీడియో కాల్ వచ్చింది. పోచన్న హాలు మధ్యలో ఫోను నిలబెట్టి స్పీకరు పెట్టాడు. మంత్రివర్గం మొత్తం వెనక నిలబడింది. ఆమె గ్రామ పంచాయతీ ఆఫీసులో కూర్చుని ఉంది. వెనక గోడకు ఆమె పేరున్న బోర్డు.

"ఏమయ్య, ఎప్పుడస్తున్నవ్?"

"కాయితాలు అయితున్నయ్. ఐతారం రోజు సంతకం వెట్టుడే. నేనొచ్చేదాక నువ్వు ఏం ముట్టకు. మీటింగులు గిట్ల వెట్టకు. వచ్చినంక నేను మంచిగ జూసుకుంట."

"మీటింగు అయింది. మోరీలు తీపిచ్చిన. లైట్లు ఏపిచ్చిన. ఇగ నువ్వు జూసుకునేదేమున్నది?"

పోచన్న మా వైపు చూశాడు. మేం పైకప్పు వైపు చూశాం.

"మరి నేనొచ్చి ఏం జెయ్యాలె?"

"ఇన్నేండ్లు కష్టపడ్డవ్. తిను, పండు, మన్మరాలుతోని ఆడుకో. పంచాయతీ ఆపీసుకు పనుంటెనే రా. పనుంటె లైన్ల నిలవడు, అందరి లెక్క."

ఆయన గబగబా స్పీకరు ఆపబోయాడు. ఆలస్యమైపోయింది. లెవి దగ్గు వచ్చినట్టు నటిస్తూ బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు సాయంత్రం అత్యవసర సమావేశం. పోచన్న దవడకు టవల్ బిగించి, దేశం ప్రమాదంలో ఉందని ప్రకటించాడు.

"నేను గిన్ని వారాలు లేకపోతే రూం ఆగమైంది. ఎవని శాఖ వాడు ఇడిసిపెట్టిండు. ఓబయ్య కరెంటు ముట్టిండట! గిట్లయితే దేశం నడుస్తదా? నేను పోతలేను. వీసా రెన్యూవల్ జెయ్యమని కంపెనీ పీఆర్వోకు చెప్తున్న." ఆ మొత్తాన్నీ మళ్లీ మొదటినుంచి చెప్పాడు.

"కాకా, అక్కడ సిన్నమ్మ ఎదురుసూస్తది," అన్నాడు లింబాద్రి మెల్లగా.

"సూడనియ్యి. ముందు ప్రజలు."

ఇక్కడ మీరు గమనించాలి. ఆయన్ని దిగనివ్వకూడదన్నది మేమే. రాజ్యాంగంలో దిగే మెట్లు లేవన్నది మేమే. ఇప్పుడు ఆయన ఆ మాటలే మాకు చదివి వినిపించాడు, అదీ రెండుసార్లు. ఆదివారం రద్దు కాయితం మీద ఆయన సంతకం పెట్టకపోతే ఇంకో రెండేళ్లు వీసా. అక్కడ చిన్నవ్వకు మొగుడు లేడు, ఇక్కడ మాకు నీళ్లు లేవు. ఎందుకంటే ఆ సాయంత్రమే మోటారు వ్యవహారం జలవనరుల శాఖ పరిధిలో ఉందా లేదా అన్న చర్చ మొదలైంది.

పోచన్న బకెట్లో మిగిలిన నీళ్లతో స్నానానికి వెళ్లాడు. లింబాద్రి బాల్కనీలోకి వచ్చి చిన్నవ్వకు ఫోన్ కలిపాడు. మేమంతా తలలు దగ్గర పెట్టాం. దేశాధినేత మీద కుట్ర అంటే ఇదే.

"సిన్నమ్మా, కాక రానంటున్నడు. నువ్వు లైన్ల నిలవడుమన్నవ్ గద."

"నేను రావద్దన్ననా కొడుకా? వచ్చి కూసోమన్న. ఆయనకు ఉట్టిగ కూసునుడు రాదు. ఇరవై ఏండ్ల సంది మొగని మొకం ఫోన్లనే సూస్తున్న. గిప్పుడన్న రావాలె. గని కుర్చీ ఇయ్య. ఊరు నాకోటేసింది, ఆయనకెయ్యలే."

"కుర్చీ వద్దు పిన్నిగారూ," అన్నాడు లెవి. "చిన్న స్టూలు లాంటి పదవేదైనా ఉంటే చూడండి."

అవతల ఎవరో రేకుల మీద పరిగెత్తుతున్న చప్పుడు వినిపించింది. ఆమె "థూ, నీ..." అని ఎవరినో అదిలించింది.

"కోతులు. ఇండ్లళ్ల సొచ్చి అన్నం గిన్నెలు ఎత్తుకపోతున్నయ్. ఓట్లప్పుడు ఎల్లగొడ్తనని మాటిచ్చిన. కోతుల కమిటీ ఏద్దమనుకున్న. చైర్మన్‌గ ఎవ్వలు రాలే. ఆయన్ను జేస్త."

"కోతులు మాట వింటాయాండీ?" అన్నాడు లెవి.

"మీరు ఇన్లేదా కొడుకా?"

సమాచార శాఖ తరఫున నేను బాత్రూము వైపు చెవి పెట్టి, చెంబు చప్పుడు ఇంకా వస్తోందని ప్రకటించాను.

పోచన్న తల తుడుచుకుంటూ వచ్చాక లింబాద్రి కబురు చెప్పాడు. పెద్దాయన ముందు మొహం ముడుచుకున్నాడు. తర్వాత టవల్ భుజం మీద వేసుకున్నాడు.

"చైర్మనా?"

"చైర్మనే కాకా. సర్పంచి సంతకంతోని."

"మెంబర్లు ఎందరుంటరు?"

"శానమంది. చెట్టుకు పది మంది లెక్కన."

ఆదివారం పోచన్న సంతకం పెట్టాడు. ఎయిర్‌పోర్టులో మాకు చివరి సందేశమిచ్చాడు. ఆయన రెండోసారి చెప్పేలోపు సెక్యూరిటీ వాళ్లు లోపలికి తోసేశారు. లింబాద్రి ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. లెవి అతని భుజం మీద చెయ్యేసి, ట్యాక్సీ దొరికేదాకా అలాగే ఉన్నాడు.

మొన్న శుక్రవారం చిన్నవ్వ మళ్లీ ఫోన్ చేసింది. పోచన్న వెళ్లిన మర్నాడే పని మొదలుపెట్టాడట. బడి వెనక చింతల తోపులోకి కుర్చీ, మైకు పట్టించుకుని పోయి, కోతులకు శాఖలు పంచాడట. గుంపుకొక నాయకుణ్ణి నియమించాడు. ఏ ఇంటి మీదికి ఎవరు ఎక్కాలో, ఎవరు ఎక్కకూడదో ప్రకటించాడు. పొద్దున మొదలుపెట్టి సూర్యుడు నడినెత్తికి వచ్చేదాకా మాట్లాడాడట. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"మరి కోతులేమన్నయ్ సిన్నమ్మా?" అన్నాడు లింబాద్రి.

"వారం తిరుగకముందే పక్కూరికి పోయినయ్ కొడుకా. ఒక్కటి లేదు. పక్కూరి సర్పంచి వచ్చి లొల్లి వెడ్తున్నడు. మీ కాకకు ఇగ పనేమున్నది, ఇంటిపట్టునే ఉంటున్నడు. ఇందాకనే మన్మరాలును ఎత్తుకొని మడికాడికి పోయిండు. మంచిగున్నడు."

మొదటి నాయకుడు దిగకూడదన్న నా సిద్ధాంతానికి నేను ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. కాకపోతే దానికి ఇంకో వైపు కూడా ఉందని ఆ కోతుల మూక నాకు చూపించింది. వాటికి రాజ్యాంగం లేదు, మంత్రి పదవుల రుచి తెలియదు, తీర్మానం కోసం ఆగలేదు. విన్నాయి, విసుగొచ్చింది, లేచి వెళ్లిపోయాయి. మేం నాలుగేళ్లపాటు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ప్రతి మాటా రెండుసార్లు విన్నాం.

ఎంతైనా, కోతులకు మా అంత దేశభక్తి లేదు.